ఇది థోర్ అని ఎలా చెప్పగలం? వైకింగ్ వస్తువుల్లో దేవతల్ని గుర్తుపట్టే పద్ధతి (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

స్టాక్‌హోం, కోపెన్‌హాగెన్, ఓస్లో, రెక్యావిక్ మ్యూజియంలలో ఏ వైకింగ్ గదిలోకి వెళ్లినా గాజు పెట్టెల్లో వేలెడంత కంచు బొమ్మలు, వెండి బిళ్లలు, చెక్కిన రాళ్లు కనిపిస్తాయి. కింద చీటీ మీద "థోర్", "ఓడిన్", "ఫ్రెయర్" అని వైకింగుల పాత దేవుళ్ల పేర్లుంటాయి. ఆ బొమ్మల మీద మాత్రం ఆ పేర్లు ఉండవు, ఒకటీ అరా తప్ప. మరి ఆ పేరు ఎవరు పెట్టారు, దేన్ని చూసి పెట్టారు, దాన్ని ఎంతవరకు నమ్మవచ్చు? ఈ సాయంత్రం నేను మాట్లాడేది దీని గురించే. ఆ దేశాల్లో ఉద్యోగాలు చేస్తున్న మనవాళ్లు ఈ మధ్య బాగా పెరిగారు కాబట్టి ఇక్కడున్న కొందరికైనా ఇవి నేరుగా చూసే అవకాశం ఉంటుంది.

మన గుడిలో పై రెండు చేతుల్లో శంఖం, చక్రం కనిపిస్తే విష్ణువని వెంటనే చెప్పేస్తాం. ఎందుకంటే ఏ దేవుడికి ఏ ఆయుధం, ఏ వాహనం, ఏ ముద్ర అని ఆగమాలు, శిల్పశాస్త్రాలు రాసిపెట్టాయి, శిల్పులు వాటిని పాటించారు. వైకింగులకు అటువంటి గ్రంథం లేదు. క్రీ.శ. సుమారు 750 నుంచి 1100 దాకా స్కాండినేవియాలో (డెన్మార్క్, నార్వే, స్వీడన్ ప్రాంతంలో) చెక్కిన పనివాళ్లు రాసిపెట్టినవి రూన్ అనే వాళ్ల పాత లిపిలో చిన్న చిన్న శాసనాలే. కథలు నోటి మీదే నడిచాయి.

మనకున్న పెద్ద ఆధారాలు రెండూ ఐస్‌లాండ్‌వే. ఒకటి స్నోర్రి స్టుర్లుసన్ 1220ల్లో కవుల కోసం రాసిన ఎడ్డా అనే పుస్తకం. రెండోది కోడెక్స్ రెగియస్ అనే తోలుపత్రాల ప్రతి. ఇది 1270ల నాటిది, దేవతల మీదా వీరుల మీదా పాత పద్యాలు ఇందులో ఉన్నాయి. 45 పత్రాలు మిగిలాయి. 1662లో డెన్మార్క్ రాజుకు కానుకగా వెళ్లిన ఈ ప్రతి 1971లో ఐస్‌లాండ్‌కు తిరిగొచ్చింది. ఐస్‌లాండ్ క్రైస్తవంలోకి మారింది క్రీ.శ. 1000 ప్రాంతంలో. అంటే స్నోర్రి తన ముత్తాతల కాలానికే వదిలేసిన మతం గురించి రాస్తున్నాడు, తాను క్రైస్తవుడిగా ఉండి. అంత ఆలస్యంగా, అంత దూరంలో రాసిన పుస్తకం పట్టుకుని, దానికి రెండు మూడు వందల ఏళ్ల ముందు స్వీడన్‌లో చెక్కిన రాయికి పేరు పెడుతున్నాం. ఇక్కడే జాగ్రత్త కావాలి.

ముందు గట్టి ఉదాహరణ ఒకటి చూద్దాం. స్వీడన్‌లో ఉప్లాండ్ ప్రాంతంలో ఆల్టునా చర్చి దగ్గర ఒక రూన్ రాయి ఉంది. స్వీడన్ రూన్ రాళ్ల జాబితాలో దాని సంఖ్య ఉ 1161. పదకొండో శతాబ్దంది. అగ్నిప్రమాదంలో చనిపోయిన తండ్రీ కొడుకుల జ్ఞాపకార్థం నిలబెట్టారని శాసనం చెబుతోంది. రాయి ఒక పక్క అంచు మీద, కింది భాగంలో చిన్న పడవ. పడవలో ఒక మనిషి. ఒక చేతిలో సుత్తి ఎత్తి పట్టుకున్నాడు, రెండో చేతి నుంచి తాడు నీళ్లలోకి దిగింది. తాడు చివర పెద్ద ఎర. దాని చుట్టూ మెలికలు తిరిగిన పాము. ఇంతవరకు చూస్తే "సుత్తి ఉంది కాబట్టి థోర్" అనవచ్చు. నా లెక్కలో అది సరిపోదు. సుత్తి కమ్మరి చేతిలోనూ ఉంటుంది.

అసలు సాక్ష్యం పడవ అడుగున ఉంది. ఆ మనిషి కాలు పడవ అడుగును చీల్చుకుని కిందికి పొడుచుకొచ్చింది.

స్నోర్రి చెప్పిన కథ ఇది. థోర్ హిమిర్ అనే రాక్షసుడితో సముద్రం మీదికి చేపలవేటకు వెళ్తాడు. ఎద్దు తల నరికి ఎరగా గుచ్చుతాడు. భూమి చుట్టూ చుట్టుకున్న మిద్‌గార్డ్ సర్పం దాన్ని మింగుతుంది. థోర్ ఎంత బలంగా లాగుతాడంటే కాళ్లు రెండూ పడవ అడుగులోంచి దిగిపోయి సముద్రపు నేలకు తంతాయి. హిమిర్ భయపడి తాడు కోసేస్తాడు. ఇదే వేట కథ కోడెక్స్ రెగియస్‌లో పద్యంగా కూడా ఉంది, కానీ అందులో ఈ కాలి సంగతి లేదు. స్నోర్రి ఒక్కడే చెప్పాడు. ఆ ఒక్క వివరం స్వీడన్ రాయి మీద, స్నోర్రి పుట్టకముందే, చెక్కి ఉంది. డెన్మార్క్‌లో థూ ప్రాంతంలో హోర్డుమ్ చర్చి దగ్గర దొరికిన రాయి మీద కూడా పడవలోంచి పొడుచుకొచ్చిన కాలు, తాడు వైపు వంగిన రెండో మనిషి కనిపిస్తారు. అంటే ఇది స్నోర్రి సొంతంగా అల్లినది కాదు. ఐస్‌లాండ్, డెన్మార్క్, స్వీడన్ మూడు చోట్లా తిరిగిన కథే.

దీన్ని బట్టి ఒక నియమం పెట్టుకోవచ్చు. ఒక బొమ్మకు పేరు పెట్టాలంటే ఆయుధమో వాహనమో ఒక్కటే ఉంటే చాలదు. ఒక కథకు మాత్రమే చెందే, మరెక్కడా పొసగని వివరం కావాలి. అటువంటివి రెండుంటే పేరు స్థిరం. ఒక్కటుంటే "బహుశా". ఏదీ లేకపోతే చీటీ మీద "మగ బొమ్మ, కంచు" అని రాసి ఊరుకోవడమే న్యాయం.

ఈ నియమానికి అన్నిటికంటే బాగా నిలబడేది రాంసుండ్ బండ. ఇది స్వీడన్‌లో ఎస్కిల్‌స్తునా దగ్గర, సుండ్‌బీహోల్మ్ పక్కన ఉంది. నిలబెట్టిన రాయి కాదు, నేలలో పుట్టిన బండ. సుమారు 4.7 మీటర్ల వెడల్పున చెక్కారు, కాలం 1030 ప్రాంతం. చుట్టూ పాము శరీరం, ఆ శరీరంలోనే రూన్ అక్షరాలు. ఆ పాము ఫాఫ్నిర్, నిధికి కాపలా ఉన్న డ్రాగన్. కింద గుంతలోంచి సిగుర్డ్ అనే వీరుడు కత్తి పైకి పొడిచాడు. లోపల ఎడమ వైపు నుంచి చూడండి. తల తెగి పడిన కమ్మరి రెగిన్, పక్కనే అతని సుత్తి, పటకారు, దాగలి, కొలిమి తిత్తి. ఆ తర్వాత సిగుర్డ్ డ్రాగన్ గుండెను నిప్పు మీద కాలుస్తూ, చురుక్కుమన్న వేలు నోట్లో పెట్టుకున్నాడు. డ్రాగన్ రక్తం నాలుకకు తగలగానే పక్షుల మాట అర్థమవుతుంది. చెట్టు మీద ఆ పక్షులున్నాయి. రెగిన్ నిన్ను చంపబోతున్నాడని చెప్పింది అవే. చెట్టుకు కట్టిన గుర్రం గ్రాని, వీపు మీద నిధి. ఒక మూల నీటికుక్క, నిధి కథ మొదలయ్యేది దాని చావుతోనే. నోట్లో వేలు, పక్షులు, తెగిన తల పక్కన కమ్మరి సామాను అన్నీ ఒకేచోట ఉన్నాయి. ఇక్కడ ఎవరికీ అనుమానం లేదు.

అదే బండ మీది శాసనం చదివితే ఇంకో సంగతి బయటపడుతుంది. సిగ్రిడ్ అనే ఆవిడ తన భర్త తండ్రి హోల్మ్‌గైర్ ఆత్మ కోసం ఈ వంతెన కట్టించానని చెప్పుకుంది. ఆత్మ కోసం వంతెన కట్టించడం అప్పటి చర్చి మెచ్చుకున్న క్రైస్తవ పుణ్యకార్యం. ఒక క్రైస్తవ స్త్రీ, క్రైస్తవ కార్యానికి, డ్రాగన్‌ను చంపిన సిగుర్డ్ కథను అలంకారంగా ఎంచుకుంది. "పాత మతం బొమ్మ కనిపించింది, కాబట్టి చెక్కించినవాళ్లు పాత మతస్థులు" అనే లెక్క తప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. నార్వేలో సెతెస్‌దాల్ లోయలోని హిలెస్తాడ్ చెక్క చర్చికి సుమారు 1200లో చేసిన వాకిలి పలకల నిండా ఇదే కథ. ఆ పలకలు ఇప్పుడు ఓస్లోలో ఉన్నాయి.

రాంసుండ్‌కు దగ్గర్లోనే గోక్ రాయి అని ఇంకోటి ఉంది. అక్కడా గుర్రం ఉంది, చెట్టు ఉంది, గుండె కాల్చడం ఉంది, కానీ వరస లేదు, రూన్ అక్షరాలు కూడా అర్థవంతంగా కుదరవు. రాంసుండ్‌ను చూసి ఎవరో కాపీ చేశారని చాలామంది పండితుల అభిప్రాయం. రాంసుండ్ లేకుండా ఆ రాయి ఒక్కటే మిగిలి ఉంటే మనం దాన్ని చదవగలిగేవాళ్లం కాదు.

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన వస్తువు. 1950లో డెన్మార్క్‌లో స్నాప్టున్ దగ్గర సముద్రపు ఒడ్డున దొరికిన బలపపు రాయి. క్రీ.శ. 1000 ప్రాంతంది, ఇప్పుడు ఆర్హుస్ దగ్గరి మోస్‌గార్డ్ మ్యూజియానిది. రాయి మీద ఒక మొహం. మెలితిప్పిన మీసాలు, పెదవుల మీద అడ్డంగా కుట్లు. మొహం కింద ఒక రంధ్రం.

ముందు రంధ్రం సంగతి. కమ్మరి కొలిమిలో తిత్తి చెక్కతోనూ తోలుతోనూ చేస్తారు. నిప్పు దగ్గరగా ఉంటే కాలిపోతుంది, దూరంగా ఉంటే గాలి నిప్పులకు చేరదు. అందుకని మధ్యలో వేడికి పగలని రాయి ఒకటి నిలబెట్టి, దాని రంధ్రంలోంచి తిత్తి ముక్కును దూరుస్తారు. బలపపు రాయి దీనికి సరిగ్గా సరిపోతుంది. వేడికి చిట్లదు, కత్తితో చెక్కేంత మెత్తన. డెన్మార్క్‌లో ఈ రాయి దొరకదు, నార్వే నుంచో పశ్చిమ స్వీడన్ నుంచో రావాలి. కాబట్టి ఇది పడవెక్కి వచ్చిన వస్తువు.

ఇప్పుడు కుట్లు. స్నోర్రి కథలో "లోకి" అనే జిత్తులమారి దేవుడు తన తల పణంగా పెట్టి ఇద్దరు మరుగుజ్జు కమ్మరులతో పందెం కాస్తాడు. వాళ్లలో ఒకడైన బ్రొక్ తిత్తి ఊదుతున్నప్పుడు లోకి ఈగ రూపంలో వచ్చి కుడతాడు. మూడోసారి కనురెప్ప మీద కుడితే, కంట్లోకి కారిన రక్తం తుడుచుకోవడానికి బ్రొక్ ఒక్క క్షణం తిత్తి ఆపుతాడు. అందుకే అప్పుడు కొలిమిలో ఉన్న థోర్ సుత్తికి పిడి పొట్టిగా వచ్చిందట. లోకి పందెం ఓడిపోయాక, తల మీదేగానీ మెడ మీద మీకు హక్కు లేదని వాదించి తప్పించుకుంటాడు. కోపమొచ్చిన బ్రొక్ అతని పెదవులు కుట్టేస్తాడు. పెదవుల కుట్లు ఒక వివరం. తిత్తిని ఆపడానికి ప్రయత్నించినవాడి మొహం తిత్తి రాయి మీదే ఉండటం రెండో వివరం. ఆ రెండోదాన్ని బొమ్మలో వెతికితే దొరకదు, వస్తువు దేనికి వాడేవారో తెలిస్తేనే దొరుకుతుంది. అందుకే ఏ వస్తువైనా సరే, మొదట అడగాల్సింది దానితో ఏం పని చేసేవారని. బొమ్మ ఎవరిదన్నది ఆ తర్వాత.

ఇలా కుదరని బొమ్మల దగ్గరికి వద్దాం. మ్యూజియం దుకాణాల్లో వీటి నకళ్లే ఎక్కువ అమ్ముడుపోతాయి.

స్వీడన్‌లో రెల్లింగెలో 1904లో దొరికిన కంచు బొమ్మ, ఏడు సెంటీమీటర్లు కూడా లేదు. కాళ్లు మడిచి కూర్చున్న మగవాడు, కోసుగా ఉన్న టోపీ, ఒక చేత్తో గడ్డం పట్టుకున్నాడు, లింగం నిలబడి ఉంది. చీటీ మీద ఫ్రెయర్, పంటల దేవుడు. ఆధారం బ్రెమెన్ నగరానికి చెందిన ఆడమ్ అనే మతగురువు 1070ల్లో లాటిన్‌లో రాసిన ఒక వాక్యం. స్వీడన్‌లోని ఉప్సాలా గుడిలో ఫ్రిక్కో అనే దేవుడి విగ్రహానికి పెద్ద లింగం ఉందని రాశాడు. ఆడమ్ ఉప్సాలా చూడలేదు, విన్నది రాశాడు. మన నియమం ప్రకారం ఇక్కడ ఒకే ఒక లక్షణం ఉంది, అది కూడా ఫ్రెయర్ ఒక్కడికే చెందుతుందని చెప్పలేం. గడ్డం పట్టుకున్న చిన్న బొమ్మ ఐస్‌లాండ్‌లో బాల్దుర్స్‌హైమర్ సమాధిలోనూ దొరికింది. తిమింగిలం ఎముకతో చేసింది, ఆట పావులతో కలిసి ఉంది, అది ఆటలో రాజు. రెల్లింగె బొమ్మ కూడా ఆట పావే కావచ్చన్న వాదన అందుకే వచ్చింది. ఐస్‌లాండ్‌లో అకురేయ్రి దగ్గర దొరికిన 6.7 సెంటీమీటర్ల ఎయ్‌రార్‌లాండ్ బొమ్మ (అది ఐస్‌లాండ్‌లో ఒక పొలం పేరు) "థోర్"గా ప్రపంచమంతా తెలుసు. చేతిలో ఉన్నది సుత్తిలాగే ఉంది, కానీ అది గడ్డంతో కలిసిపోయింది. దాన్నీ "బహుశా" దగ్గరే ఉంచాలి.

లైరె బొమ్మ గొడవ ఇంకా బాగుంటుంది. 2009లో డెన్మార్క్‌లో పాత రాజధానిగా చెప్పుకునే గామెల్ లైరెలో మెటల్ డిటెక్టర్‌తో దొరికింది. ఎత్తు 1.75 సెంటీమీటర్లు, బరువు 9 గ్రాములు, వెండి, మీద నియెల్లో అనే నల్లటి పూత. ఒక సింహాసనం, వెనక రెండు జంతు తలలు, చేతుల మీద రెండు పక్షులు, మధ్యలో కూర్చున్న వ్యక్తి. రెండు పక్షులు అనగానే దేవుళ్లలో పెద్దవాడైన ఓడిన్ మాలకాకులు హుగిన్, మునిన్ గుర్తొస్తాయి. సింహాసనం అనగానే లోకాలన్నీ కనిపించే అతని ఉన్నతాసనం గుర్తొస్తుంది. రోస్కిల్డ మ్యూజియం దానికి ఓడిన్ అని పేరు పెట్టింది. దుస్తుల్ని చూసినవాళ్లు ఒప్పుకోలేదు. నేలదాకా జీరాడే వస్త్రం, ముందు గుడ్డ, మెడలో వరసలు వరసలుగా పూసలు. సమాధుల్లో ఈ పూసల వరసలు ఆడవాళ్ల దగ్గరే దొరుకుతాయి. ఫ్రేయా అనే దేవత అన్నారు, ఓడిన్ భార్య ఫ్రిగ్ అన్నారు. ఓడిన్ ఆడవాళ్ల మంత్రవిద్య చేసేవాడని కథల్లోనే ఉంది కదా, అందుకే ఆడ వేషం అని ఇంకో పక్షం. నా అభిప్రాయం అడిగితే, దుస్తులు చెక్కినవాడు తెలిసి చెక్కాడు. అంత చిన్న వెండి ముక్క మీద పూసలు విడివిడిగా చూపించాడంటే అవి ముఖ్యం. వాటిని పక్కన పెట్టి పక్షుల్ని మాత్రమే లెక్కపెట్టడం సరైన పద్ధతి కాదు. ఆడ మూర్తి అనేదే బలమైన పక్షంగా నాకు కనిపిస్తుంది.

ఇక గోట్లాండ్ చిత్రశిలలు. బాల్టిక్ సముద్రంలో స్వీడన్ ద్వీపం అది, సున్నపురాయి నేల. అయిదో శతాబ్దం నుంచి పదకొండో శతాబ్దం దాకా చెక్కినవి ఐదు వందలకు పైగా తెలుసు. స్టాక్‌హోంలోని చరిత్ర మ్యూజియంలో చెంగ్‌విడె శిల ఉంది. పుట్టగొడుగు ఆకారం, పైన ఎనిమిది కాళ్ల గుర్రం మీద ఒకడు, ఎదురుగా కొమ్ము పాత్ర పట్టుకున్న స్త్రీ. ఎనిమిది కాళ్లంటే స్లేప్నిర్, ఓడిన్ గుర్రం. గుర్రం విషయం నేను ఒప్పుకుంటాను, కథల్లో ఎనిమిది కాళ్ల గుర్రం అదొక్కటే. మరి దాని మీద ఉన్నది ఓడినా? ఈటె లేదు, కాకులు లేవు. యుద్ధంలో చనిపోయినవాణ్ణి ఓడిన్ గుర్రం వీరుల స్వర్గమైన వల్‌హల్లాకు మోసుకెళ్తోందని, ఆ స్త్రీ స్వాగతం చెప్పే వాల్కిరీ అనే దేవకన్య అని కూడా చదవచ్చు. ఇది చనిపోయినవాడి జ్ఞాపకశిల కాబట్టి ఆ అర్థమే రాయి పనికి ఎక్కువ నప్పుతుంది.

కానీ ఈ శిలల అసలు సమస్య వేరే. మీరు పుస్తకాల్లో చూసే గీతల్లో చాలా భాగం వైకింగులవి కావు.

ఈ చెక్కడం చాలా లోతు తక్కువ. సున్నపురాయి వెయ్యేళ్లు వానకు, మంచుకు అరిగింది. కొన్ని శిలల్ని చర్చి నేలల్లో పలకలుగా వేసి వందల ఏళ్లు తొక్కారు. పగటి వెలుతురులో బొమ్మ కనిపించదు. అందుకని ఇరవయ్యో శతాబ్దపు పండితుడు సూనె లిండ్‌క్విస్ట్, 1941, 42ల్లో రెండు సంపుటాలుగా వచ్చిన తన సర్వే కోసం, చెక్కిన గీతలు ఎక్కడున్నాయని తాను గుర్తించాడో అక్కడ రంగు వేయించి ఫొటోలు తీయించాడు. ఆయన పని గొప్పది, ఆయన లేకపోతే ఈ రంగమే లేదు. అయితే రంగు వేశాక అనుమానం మాయమైపోతుంది. అరిగిన గీత కత్తా, కర్రా, పాము తోకా అన్న ప్రశ్నకు రంగు ఒక జవాబు ఇచ్చేస్తుంది. తర్వాతివాళ్లు రాయిని వదిలేసి ఫొటోల మీదే వాదించుకున్నారు.

ఇప్పుడు దీనికి వాడే పద్ధతి ఆర్.టి.ఐ. (రిఫ్లెక్టెన్స్ ట్రాన్స్‌ఫర్మేషన్ ఇమేజింగ్, అంటే వెలుగును రకరకాల వైపుల నుంచి వేసి ఫొటోలు తీయడం). ఖర్చు తక్కువ, కొంచెం ఓపిక ఉంటే ఎవరైనా నేర్చుకోవచ్చు. కెమెరాను స్టాండు మీద రాయికి ఎదురుగా బిగించాలి. రాయి పక్కన, ఫ్రేములో కనిపించేలా, నున్నటి నల్ల గోళం ఒకటి పెట్టాలి, రెండైతే మంచిది. గది చీకటిగా ఉండాలి, బయటైతే రాత్రి చేయాలి. ఒక ఫ్లాష్ లైటును రాయి చుట్టూ అర్ధగోళం మీద తిప్పుతూ, కొన్నిసార్లు ఎత్తుగా, కొన్నిసార్లు దాదాపు నేలకు ఆనేంత వాలుగా, నలభై నుంచి అరవై ఫొటోలు తీయాలి. లైటు దూరం ప్రతిసారీ ఒకటే ఉండాలి, అందుకని లైటుకు దారం కట్టి కొలుచుకుంటారు. ఆ దూరం రాయి వెడల్పుకు మూడు నాలుగు రెట్లు ఉండాలి. నల్ల గోళం మీద మెరిసే చుక్కను బట్టి వెలుగు ఎటునుంచి పడిందో సాఫ్ట్‌వేర్ లెక్కగడుతుంది, ఒక్కో చోట రాయి ఉపరితలం ఎటు వాలి ఉందో తేలుస్తుంది. తర్వాత తెర మీద వెలుగును మనకిష్టమైన వైపు తిప్పుకుని చూడవచ్చు, రాయి రంగును పూర్తిగా తీసేసి ఆకారం మాత్రమే చూడవచ్చు.

ఎక్కడ చెడుతుందంటే, మధ్యలో కెమెరా వెంట్రుకవాసి కదిలినా గీతలు రెండుగా కనిపిస్తాయి. లైటు దగ్గరైతే ఒక పక్క తెల్లబోతుంది. వాలు వెలుగు ఫొటోలు చాలినన్ని తీయకపోతే లోతు లేని గీతలు అసలు రావు, అన్నిటికంటే ముఖ్యమైనవి అవే. ఇలా సిగ్మండ్ ఓర్ల్ మళ్లీ పరిశీలించిన శిలల్లో కొన్ని పాత బొమ్మలు మాయమయ్యాయి, రంగు కింద కొత్తవి బయటపడ్డాయి. ఆర్డ్రె చర్చి నేల కింద దొరికిన ఎనిమిదో శిల మీద కొలిమి, దాని వెనక రెండు తల లేని శరీరాలు, రెక్కలతో ఎగిరిపోయే ఆకారం కనిపిస్తాయి. రాజు కొడుకులిద్దరి తలలు నరికి ఎగిరిపోయిన వోలుండ్ అనే కమ్మరి కథ అది. ఈ చదువు మాత్రం గట్టిగానే నిలబడుతుంది, మూడు వివరాలూ రాయి మీదే ఉన్నాయి కాబట్టి.

స్వీడన్‌లో రూన్ రాళ్ల మీద కనిపించే ఎరుపు గురించీ ఒక మాట. అది ఇప్పుడు వేసినదే. పాత రాళ్లకు రంగులుండేవన్నది నిజం, గోడల్లో ఇరుక్కున్న కొన్ని రాళ్ల మీద ఆనవాళ్లు దొరికాయి. మీ ఎదురుగా ఉన్న ఎరుపు మాత్రం అక్షరాలు కనపడాలని వేసింది.

సుత్తి లాకెట్ల దగ్గర పని సులువు. మెడలో వేసుకునే చిన్న సుత్తులు, ఇనుము, వెండి, కంచు, దాదాపు వెయ్యి దొరికాయి. ఇవి సుత్తులేనా అని ఒకప్పుడు అనుమానించినవాళ్లూ ఉన్నారు. 2014లో డెన్మార్క్‌లో లోలాండ్ ద్వీపంలో కోబెలెవ్ దగ్గర దొరికిన దాని మీద "ఇది సుత్తి" అని రూన్ అక్షరాల్లో ఉంది. చెక్కినవాడు ఒక అక్షరం మరిచిపోయాడు, ఇంకోటి తిప్పి చెక్కాడు, అయినా వాదన అక్కడితో తీరిపోయింది. ఇక డెన్మార్క్‌లోనే ట్రెండ్‌గార్డెన్‌లో దొరికిన బలపపు రాయి అచ్చు చూడండి. పదో శతాబ్దంది, కోపెన్‌హాగెన్ జాతీయ మ్యూజియంలో ఉంది. ఒకే రాయిలో సుత్తికీ శిలువకూ పక్కపక్కనే అచ్చులు తవ్వాడు. కొనేవాడు ఏది అడిగితే అది పోత పోసి ఇచ్చేవాడు. సుమారు 965లో హరాల్డ్ బ్లూటూత్ రాజు యెల్లింగ్‌లో పెద్ద రాయి నిలబెట్టి, డేన్లను క్రైస్తవులను చేసింది తానేనని చెక్కించుకున్నాడు. రాజశాసనం వైపునుంచి చూస్తే అది ఒక్క దెబ్బతో జరిగిన మార్పులా ఉంటుంది. ఆ అచ్చు వైపునుంచి చూస్తే ఒకే వీధిలో రెండూ నడిచాయి.

ఇప్పుడు చెక్క. అన్నిటికంటే పెద్ద నిధి నార్వేలోని ఊసెబెర్గ్ సమాధి. 1903లో ఒక రైతు తన పొలంలోని దిబ్బలో కనుక్కున్నాడు, 1904లో గాబ్రియెల్ గుస్టాఫ్‌సన్ తవ్వించాడు. దాదాపు 21.5 మీటర్ల ఓక్ ఓడ, ఇద్దరు స్త్రీల అస్థికలు, బండి ఒకటి, మంచుబండ్లు నాలుగు, జంతు తలల స్తంభాలు అయిదు, బొమ్మలు నేసిన వస్త్రం ముక్కలు. చెట్టు వలయాల లెక్క ప్రకారం ఓడ కట్టింది 820 ప్రాంతంలో, పూడ్చింది 834లో. బండి ముందు పలక మీద పాముల మధ్య ఒక మనిషి ఉన్నాడు. కథలో శత్రువులు పాముల గుంతలో పడేసిన గున్నార్ అనే రాజు అని చాలామంది రాశారు. ఆ కథలో గున్నార్ చేతులు కట్టేసి ఉండటంతో కాలి వేళ్లతో హార్ప్ అనే తీగల వాయిద్యం వాయిస్తాడు. హిలెస్తాడ్ వాకిలి మీద హార్ప్ ఉంది, కాబట్టి అక్కడ గున్నారే. ఊసెబెర్గ్ బండి మీద హార్ప్ లేదు. అక్కడ ఆ పేరు వదిలేయాలని నేనంటాను.

ఈ వస్తువులు ఇప్పుడు చిక్కులో ఉన్నాయి, దాని కారణం తెలుసుకోవాలి. ఓడ ఓక్ చెక్క, గట్టిగానే ఉంది, మెల్లగా ఆరబెట్టి నూనె పట్టించారు. మంచుబండ్లు, తలలు వంటివి మేపుల్, బర్చ్ వంటి మెత్తని చెక్కలు. వెయ్యేళ్లు తడి మట్టిలో ఉన్న చెక్కను ఊరికే ఆరనిస్తే కుంచించుకుపోయి పగిలిపోతుంది. అప్పటికి తెలిసిన ఉపాయం పటిక. పటిక నీళ్లను సుమారు 90 డిగ్రీలకు కాచి చెక్కను గంటల తరబడి అందులో ఉంచేవారు. చల్లారాక పటిక స్ఫటికాలు కట్టి చెక్క కణాలను లోపల నిలబెడతాయి. పైన అవిసె నూనె, ఆపైన వార్నిష్. విరిగిన ముక్కల్ని మేకులు, మరలు పెట్టి కలిపారు. పైకి అద్భుతంగా నిలిచాయి. కానీ ఆ వేడికి పటికలోంచి సల్ఫ్యూరిక్ ఆమ్లం పుట్టింది. అది నూరేళ్లకు పైగా లోపల సెల్యులోజును తినేసింది. కొన్నిచోట్ల పి.హెచ్. ఒకటి దగ్గరుంది, అంటే చాలా తీవ్రమైన ఆమ్లం. పైన నగిషీ పెచ్చు, లోపల పొడి. ముట్టుకుంటే రాలిపోయే ముక్కలున్నాయి. 2014 నుంచి ఓస్లోలో ప్రత్యేకంగా ఒక పరిశోధన దీని మీదే నడిచింది. ఆమ్లాన్ని విరవాలి, లోపల ఆసరా నింపాలి, కానీ నీళ్లు తగిలితే పటిక కరిగి వస్తువే కూలిపోతుంది. అందుకే నీరు లేని ద్రావకాలతో ప్రయత్నాలు. డెన్మార్క్‌లో 1962లో రోస్కిల్డ ఫ్యోర్డ్ నుంచి తీసిన స్కుల్‌డెలెవ్ ఓడలకు పటిక వాడలేదు, చెక్కలోని నీటి స్థానంలో పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే మైనంలాంటి పదార్థాన్ని నింపారు. ఆమ్లం బాధ లేకపోవడంతో అవి ఇంత దెబ్బ తినలేదు.

కొమ్ముల శిరస్త్రాణం సంగతేమిటని ముందు వరసలోంచి చీటీ వచ్చింది. వైకింగ్ కాలపు కొమ్ముల శిరస్త్రాణం ఒక్కటీ దొరకలేదు. 1943లో నార్వేలో యెర్ముండ్‌బూలో దొరికిన దానికి గుండ్రటి టోపీ, కళ్లకు కట్టు, అంతే. డెన్మార్క్‌లో వెక్సోలో 1942లో దొరికిన కొమ్ముల జత క్రీస్తుకు పూర్వం 900 ప్రాంతంది, వైకింగులకు పదిహేడు వందల ఏళ్ల ముందు. ఈనాటి ఊహకు ముఖ్య కారణం 1876లో బేరాయిట్‌లో వాగ్నర్ ఒపేరాకు కార్ల్ ఎమిల్ డోప్లర్ గీసిన దుస్తులు. అయితే "కొమ్ములు పూర్తిగా కల్పితం" అనడమూ తొందరే. ఊసెబెర్గ్ వస్త్రం మీద కొమ్ములున్న ఒక చిన్న ఆకారం ఉంది. అంతకు ముందు కాలానివి, 1870లో ఓలాండ్‌లో దొరికిన టోర్‌స్‌లుండా కంచు అచ్చు పలకలు. ఒకదాని మీద పక్షి తలల కొమ్ములతో నాట్యమాడేవాడున్నాడు. లేజర్ స్కాన్ చేస్తే అతని ఒక కన్ను కావాలనే చెక్కేసినట్టు తేలింది. ఒంటికన్ను, నాట్యం, పక్షులు. ఓడిన్ అనడానికి ఇది ఆలోచించదగ్గ సాక్ష్యం. పూజలో కొమ్ములు ఉండి ఉండవచ్చు, యుద్ధంలో మాత్రం ఆధారం లేదు.

పందొమ్మిది, ఇరవయ్యో శతాబ్దాల చిత్రకారుల గురించి ఒకే మాట. వింగె 1872లో వేసిన థోర్ యుద్ధచిత్రం, కార్ల్ లార్సన్ 1915లో పూర్తిచేసిన బలిచిత్రం, రెండూ స్టాక్‌హోం నేషనల్ మ్యూజియంలోనే ఉన్నాయి. లార్సన్ చిత్రంలో ఉప్సాలా రాజు బలికి సిద్ధమవుతుంటే పక్కన పొడవాటి కంచు బూరలు ఊదుతుంటారు. ఆ బూరలు కంచు యుగానివి. ఆ కథకు ఆధారమూ స్నోర్రియే. నాకు ఆ చిత్రం చాలా ఇష్టం. దాన్ని 1915 స్వీడన్‌కు సాక్ష్యంగా చూడాలి, వైకింగ్ గదిలోకి తీసుకుపోకూడదు.

చివరగా కొత్తవి ఎక్కడి నుంచి వస్తున్నాయో చెబుతాను. ఎక్కువగా డెన్మార్క్ నుంచే. అక్కడ భూమి యజమాని ఒప్పుకుంటే మెటల్ డిటెక్టర్ వాడవచ్చు, దొరికిన విలువైనది ప్రభుత్వానికి అప్పగించాలి, దానికి పారితోషికం ఇస్తారు. స్వీడన్‌లో ముందే అనుమతి తీసుకోవాలి. డిటెక్టర్ వస్తువులకు ఒక పెద్ద లోపముంది. నాగలి తిరగేసిన పైమట్టిలో దొరుకుతాయి, పొరలుండవు, పక్కన బొగ్గో ఎముకో ఉండదు. శైలిని బట్టే కాలం చెప్పాలి. అందుకే దొరికిన చోటును జి.పి.ఎస్.తో గుర్తించడం, తుడవకుండా మట్టితోనే సంచిలో వేయడం అంత ముఖ్యం.

2020 చివర్లో యెల్లింగ్‌కు ఎనిమిది కిలోమీటర్ల దూరంలో విండెలెవ్ దగ్గర అలా దొరికిన బంగారు రాశిలో ఒక పతకం ఉంది. అయిదో శతాబ్దపు మొదటి భాగానిది. మధ్యలో పెద్ద తల, కింద గుర్రం, చుట్టూ రూన్ అక్షరాలు. ఇటువంటి తలల్ని చాలాకాలంగా ఓడిన్ అని చెప్పుకుంటూ వచ్చాం, పేరు మాత్రం ఎక్కడా కనిపించలేదు. 2023లో లిపి నిపుణులు ఆ అక్షరాలు చదివారు. "అతడు ఓడిన్ మనిషి" అని ఉంది. ఓడిన్ పేరుకు అంతకు ముందు తెలిసిన లిఖిత ఆధారం కంటే ఇది సుమారు 150 ఏళ్లు పాతది. చూడండి, "ఇతడు ఓడిన్" అని లేదు. ఆ తల ఎవరో రాజుదో నాయకుడిదో అయి ఉండాలి. అటువంటి పతకాలు వెయ్యికి దగ్గరగా ఉన్నాయి, వాటి చీటీలన్నీ ఇప్పుడు మళ్లీ చూసుకోవాల్సి వస్తోంది.

ప్రశ్నలుంటే అడగండి.